ఆగితే మళ్లీ లేవని కంప్రెషర్: నా రిపేరు డైరీ

జూన్ 14, 2025, శనివారం

మంగళగిరిలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో రెండు టేకు తలుపులు మూడు వారాలుగా గోడకు ఆనించి ఉన్నాయి. పాత పెయింటు గీకేశాను, ఉప్పు కాగితం పట్టేశాను, సీలర్ కూడా ఒక కోటు అయింది. పైన మెలమైన్ పాలిష్ స్ప్రే కొడితే పని పూర్తి. స్ప్రే గన్ ఉంది, మెలమైన్ ఉంది, గాలే లేదు. గాలినిచ్చే కంప్రెషర్ మొరాయిస్తోంది.

మా కంప్రెషర్ రెండు హార్స్‌పవర్‌ది. సింగిల్ ఫేజు మోటరు, బెల్టు మీద తిరిగే రెండు సిలిండర్ల పంపు, కింద 100 లీటర్ల ట్యాంకు. నాన్న హైవే పక్కన పంక్చర్ షాపు నడిపిన రోజుల్లోది. షాపు తీసేసినప్పుడు మిగతా సామానంతా అమ్మేశాం గానీ, దీన్ని మాత్రం నేను ఇంటికి తెచ్చుకున్నాను. చిన్నప్పుడు దీని చప్పుడు వింటూనే హోంవర్కు రాసుకునేవాణ్ణి. కొత్తది కొనుక్కోవచ్చుగా అని మా ఆవిడ అడిగింది. కొనొచ్చు. కానీ దీనికి ఏమైందో తెలుసుకోకుండా మూల పడెయ్యడానికి మనసు రాలేదు.

జబ్బు ఇదీ. ట్యాంకు ఖాళీగా ఉంటే మోటరు చక్కగా లేస్తుంది. గాలి ఒత్తిడి 8 బార్‌కి చేరగానే ప్రెషర్ స్విచ్ ఆపేస్తుంది. గాలి వాడుకుంటూ 6 బార్‌కి దిగాక స్విచ్ మళ్లీ ఆన్ అవుతుంది. తంటా అంతా అక్కడే. మోటరు తిరగదు, ‘హూఁ’ అని మూలుగుతూ నిలబడిపోతుంది, కాసేపటికి ఎంసీబీ పడిపోతుంది. ట్యాంకులో గాలంతా వదిలేస్తే మళ్లీ మామూలే. ఏడాదిగా ఇదే వరస. పోయిన వేసవిలో ఒక మెకానిక్ వచ్చి, మోటరు లేవడానికి ఊతమిచ్చే కండెన్సర్ మార్చాడు. దీపావళికి ఇంకోటి మార్చాడు. మొన్న మళ్లీ పిలిస్తే, మోటరు వైండింగ్ చేయించాలి, నాలుగు వేలవుతుంది అన్నాడు. సరే, ఈసారి నేనే చూసుకుంటానన్నాను.

పానా పట్టుకునే ముందు నోట్‌బుక్ తీశాను. ఇవాళ ఏ బోల్టూ విప్పలేదు, కొలతలు మాత్రమే తీసుకున్నాను.

కరెంటు 228 వోల్టులుంది, మోటరు తిరిగేటప్పుడు 219. తిరిగేటప్పుడు 8.4 ఆంపియర్లు లాగుతోంది. మూలుగుతూ నిలబడ్డప్పుడు క్లాంప్ మీటరు 45 చూపించింది. రెండు మూడు సెకన్లలోనే స్విచ్ తీసేశాను. అలా ఇంకాసేపు ఉంచితే వైండింగ్ నిజంగానే కాలిపోతుంది.

ఖాళీ ట్యాంకు 8 బార్‌కి నిండటానికి 14 నిమిషాల 20 సెకన్లు పట్టింది. ఇది ఎక్కువా తక్కువా అని లెక్క వేశాను. సిలిండరు బోర్, అంటే లోపలి వ్యాసం, 50 మి.మీ.; స్ట్రోక్, అంటే పిస్టన్ కదిలే దూరం, 60. రెండు సిలిండర్లకీ కలిపి ఒక చుట్టుకు 235 సీసీ. పంపు నిమిషానికి 720 చుట్లు తిరుగుతుంది, అంటే నిమిషానికి సుమారు 170 లీటర్లు. అందులో 70 శాతం ట్యాంకులోకి చేరినా 119 లీటర్లు. 100 లీటర్ల ట్యాంకును 8 బార్‌కి తేవాలంటే బయటి గాలి 800 లీటర్లు కావాలి. ఏడు నిమిషాల్లోపు నిండాలి. నాకు దానికి రెట్టింపు పడుతోంది. ఏడాదిగా వాడుతూ కూడా ఒక్కసారీ గడియారం చూడలేదు నేను. లేవకపోవడం ఒక జబ్బు, నెమ్మదిగా నిండటం ఇంకో జబ్బు అని ఇవాళే తెలిసింది.

సాయంత్రం నింపి, అవుట్‌లెట్ కాక్ కట్టేసి, ప్రతి జాయింటుకీ గిన్నెల సబ్బు నీళ్లు పూశాను. హోస్ కప్లింగ్ దగ్గర చిన్న చిన్న బుడగలు. మిగతా జాయింట్లన్నీ శుభ్రంగా ఉన్నాయి. ఆయిల్ పోసే మూత మీద గాలి రంధ్రం ఉంటుంది, ఆఖర్న ఊరికే దానికీ బ్రష్షు తగిలించాను. ఉసిరికాయంత బుడగ లేచి పగిలింది. మళ్లీ పూస్తే మళ్లీ లేచింది. మోటరు ఆగి ఉంది, పంపు తిరగట్లేదు, మరి క్రాంకుకేసులోంచి, అంటే సిలిండర్ల కింద ఆయిల్ ఉండే పెట్టెలోంచి, గాలి ఎలా వస్తోంది? అర్థం కాలేదు. రాసిపెట్టుకున్నాను.

జూన్ 15, ఆదివారం

పొద్దున లేవగానే గేజి చూశాను. రాత్రి 8 ఉన్నది 2కి దిగింది.

ముందు మోటరు సంగతి తేల్చేశాను. ఎంసీబీ దింపి, కండెన్సర్ టెర్మినల్స్‌కి పాత 60 వాట్ల బల్బు వైర్లు తాకించి అందులో నిలిచిన కరెంటు పోగొట్టాను. ఇది మరిచిపోతే చెయ్యి జివ్వుమనడమే కాదు, ప్రాణం మీదికి రావచ్చు. స్టార్టింగ్ కండెన్సర్ మీద 120-150 మైక్రోఫారడ్లు అని రాసి ఉంది, మీటరులో 131 వచ్చింది. రన్నింగ్ కండెన్సర్ మీద 36 అని ఉంది, 35.2 వచ్చింది. రెండూ బాగున్నాయి. తర్వాత బెల్టు తీసేసి మోటరు ఒక్కదాన్నే వేశాను. టక్కుమని లేచి గాలిపటంలా తేలిగ్గా తిరిగింది. అయిదుసార్లు ఆపి వేశాను, అయిదుసార్లూ లేచింది. మోటరుకి ఏ జబ్బూ లేదు. దాన్ని లేవనివ్వకుండా ఏదో అడ్డుకుంటోంది.

బెల్టు లేకుండానే పంపు చక్రం చేత్తో తిప్పి చూశాను. ట్యాంకు ఖాళీగా ఉంటే రెండు వేళ్లతో తిరుగుతోంది. బెల్టు వేసి 6 బార్ నింపి, మళ్లీ తీసి తిప్పితే సగం చుట్టు వెళ్లి స్ప్రింగులా వెనక్కి తన్నింది. మణికట్టు కాస్త బెణికింది. మోటరు ఆగాక పిస్టన్ల మీద గాలి ఉండకూడదు. ఇక్కడ ఉంది.

నాన్న వరండాలో మంచం మీద కూర్చుని పేపరు చదువుతున్నాడు. ఇప్పుడు చూపు కాస్త మందగించింది గానీ చెవులు మాత్రం చురుగ్గా ఉన్నాయి. కంప్రెషర్ నిండి ఆగింది. ఆయన పేపరు దించి, “ఒరే, దానికి తుస్సు ఏదిరా?” అన్నాడు.

“తుస్సేంటి నాన్నా?”

“ఆగగానే తుస్సుమని ఒక ఊపిరి వదలాలి. ఒకటి, రెండు అనేలోపు ఆగిపోవాలి. నీకు గుర్తులేదా? షాపులో రోజుకి ఇరవైసార్లు వినేవాడివి.”

గుర్తొచ్చింది. ఏడాదిగా అది వినబడటం లేదని మాత్రం నాకు తట్టనే లేదు.

ఆ తుస్సు ఎక్కడిదో చెప్తాను, ఎందుకంటే ఈ రిపేరు మొత్తం దాని మీదే నడిచింది. పంపు నుంచి ట్యాంకుకి వచ్చే రాగి గొట్టం చివర ఒక నాన్ రిటర్న్ వాల్వు ఉంటుంది. గాలి ట్యాంకులోకి పోవచ్చు, వెనక్కి రాకూడదు. ఆ వాల్వు పక్క నుంచి సన్నటి 6 మి.మీ. గొట్టం ఒకటి ప్రెషర్ స్విచ్ కిందికి వెళ్తుంది. స్విచ్ మోటరుని ఆపగానే లోపలి మీట అక్కడున్న చిన్న పిన్నును నొక్కుతుంది. రాగి గొట్టంలో, సిలిండర్ల పైమూత అయిన హెడ్డులో మిగిలిన గాలి దాని గుండా బయటికి పోతుంది. దాన్నే అన్‌లోడర్ అంటారు. పంపు మీద బరువు లేకుండా చేస్తుంది కాబట్టి మళ్లీ ఆన్ అయినప్పుడు మోటరు సులువుగా లేస్తుంది. ఆ గాలి పోకపోతే, 6 బార్ల గాలిని నెత్తిన పెట్టుకుని మోటరు లేవాలి. సింగిల్ ఫేజు మోటరుకి లేచేటప్పుడు అంత బలం ఉండదు. పైగా సాయంత్రాలు మా వీధిలో వోల్టేజీ 205కి పడుతుంది. లేచే బలం వోల్టేజీ వర్గాన్ని బట్టి తగ్గుతుంది. 230 దగ్గర వంద ఉంటే 205 దగ్గర 79. సాయంత్రాలు ఎక్కువ మొరాయించడానికి కారణం ఇదే.

ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి ఆ సన్న గొట్టం నట్టు విప్పాను. ఏదో కింద పడి దొర్లింది. టార్చి వేసి వెతికితే దొరికింది. మిరియం గింజంత స్టీలు గోలీ, సైకిల్ బేరింగులోది. గొట్టం మూతికి దాన్ని అడ్డం పెట్టి నట్టు బిగించేశారు.

అప్పుడు పోయిన వేసవి సంగతి గుర్తొచ్చింది. కంప్రెషర్ ఆగాక కూడా స్విచ్ దగ్గర సుయ్యిమని ఆగకుండా గాలి పోతోందని నేనే మెకానిక్‌ని పిలిచాను. అతను అరగంటలో చప్పుడు ఆపేసి వెళ్లాడు. నేను సంతోషించి డబ్బులిచ్చాను. మోటరు మూలగడం మొదలైంది ఆ వారమే. రెండు కండెన్సర్ల డబ్బు, ఏడాది పాటు మోటరు పడ్డ బాధ, అన్నీ ఈ గోలీ వల్ల. చాలా కోపమొచ్చింది. లీకు మూసెయ్యడం వేరు, లీకు ఎందుకొచ్చిందో చూడటం వేరు. యంత్రం చేతిలో పెట్టినవాళ్లు ఆ రెండోది కోరుకుంటారు.

గోలీ తీసేసి గొట్టం మామూలుగా బిగించాను. 8 దగ్గర ఆగింది. ‘తుస్స్స్స్’ అని మొదలైంది, ఆగలేదు. నాలుగు నిమిషాల్లో గేజి 6కి వచ్చింది. మోటరు మూలుగుతూనే అయినా లేచింది. పోయిన వేసవిలో ఎక్కడున్నామో మళ్లీ అక్కడికి వచ్చాం, కాకపోతే ఈసారి కారణం తెలుసు. ఆ గాలి ట్యాంకు నుంచి వెనక్కి వస్తోంది. నాన్ రిటర్న్ వాల్వు రిటర్న్ ఇస్తోంది.

జూన్ 18, బుధవారం

ఆఫీసు నుంచి వచ్చాక ఒక గంట దొరికింది. డ్రెయిన్ కాక్ తెరిచి, గేజి సున్నా అయ్యాక కూడా సేఫ్టీ వాల్వు రింగు లాగి చూసి, అప్పుడు వాల్వు విప్పాను. గేజి సున్నా చూపిస్తోందని ఒక్క దాన్నే నమ్మను. గేజి ముల్లు ఇరుక్కుపోవచ్చు.

ఇత్తడి వాల్వు. పైన ఆరు పలకల మూత, లోపల స్ప్రింగు, దాని కింద పావలా బిళ్ళంత రబ్బరు బిళ్ళ. బిళ్ళ వేడికి గట్టిపడి గోటితో నొక్కితే దిగట్లేదు. వాల్వు అంచు ఒరుసుకున్న చోట గుండ్రంగా గాడి పడింది. ఆ గాడిలో ఒకచోట నువ్వు గింజంత బొగ్గు పెచ్చు కూర్చుంది. వేలితో తీశాను, నల్లగా అంటుకుంది. పిస్టన్ రింగుల పక్క నుంచి పైకి వచ్చిన ఆయిల్ హెడ్డు వేడికి మాడి ఇలా బొగ్గవుతుంది. బిళ్ళ తిరగేసి వేసి చూశాను, లీకు సగం తగ్గింది. సగం తగ్గడం నాకు సరిపోదు.

జూన్ 21, శనివారం

విజయవాడ ఆటోనగర్ వెళ్లాను, పాత వాల్వు కవర్లో వేసుకుని. మూడో కొట్టులో పెద్దాయన దాన్ని చేతిలో తిప్పి చూసి, “పాతది తేవడం మంచిదైంది బాబూ, మరలు చూడకుండా తీసుకుపోయి సగం మంది తిరిగొస్తారు” అన్నాడు. ట్యాంకు వైపు మర ఒక సైజు, రాగి గొట్టం వైపు ఇంకో సైజు, అన్‌లోడర్ గొట్టం వైపు మూడోది. మూడూ కలవాలి. రబ్బరు బిళ్ళది 280, టెఫ్లాన్ బిళ్ళది 350. వేడి గొట్టం చివర ఉండే వస్తువు కాబట్టి టెఫ్లాన్‌దే తీసుకున్నాను.

ట్యాంకు వైపు మరకి టెఫ్లాన్ టేపు చుట్టి బిగించాను. మొదటి మర వదిలేసి చుట్టాలి, లేకపోతే టేపు ముక్క తెగి వాల్వులోకే పోతుంది. మోటరు వేశాను. 8 దగ్గర ఆగింది. తుస్. ఒకటి, రెండు అనేలోపు నిశ్శబ్దం.

గాలి వదులుతూ 6కి తెచ్చాను. మోటరు టక్కున లేచింది. పదిసార్లు చేశాను, పదిసార్లూ లేచింది. మా ఆవిడ వచ్చి, “చాల్లెండి, కరెంటు బిల్లు కూడా లేస్తుంది” అంది.

నిండే టైము మాత్రం మారలేదు. 14 నిమిషాల చిల్లర.

ఈ పంపుకి ఒక్కో సిలిండరుకి ఒక్కో ఫిల్టరు ఉంది. మోటరు తిరుగుతుండగా చిన్న కాగితం ముక్క ఎడమ ఫిల్టరు ముందు పెట్టాను. టపటపా కొట్టుకుంటూ అతుక్కుపోయింది. కుడి ఫిల్టరు ముందు పెడితే కాస్త వణికి కింద పడింది. కుడి సిలిండరు గాలి పీల్చట్లేదు. పది నిమిషాలు తిప్పి ఆపాక హెడ్డు దగ్గర చెయ్యి ఉంచితే కుడి వైపే సెగ ఎక్కువ. పీల్చట్లేదు, కానీ ఎక్కువ కాలుతోంది. అప్పుడు పోయిన శనివారం ఆయిల్ మూత మీద లేచిన బుడగ అర్థమైంది. కుడి సిలిండరు డెలివరీ రీడ్, అంటే గాలిని బయటికి పంపే రేకు వాల్వు, పోయి ఉండాలి. పైకి పంపిన వేడి గాలే మళ్లీ సిలిండరులోకి దిగుతోంది, దాన్నే మళ్లీ మళ్లీ నొక్కుతోంది, అందుకే ఆ సెగ. కొత్త గాలికి చోటే లేదు. ఆగినప్పుడు ట్యాంకు గాలి చెడిపోయిన నాన్ రిటర్న్ వాల్వు దాటి, గోలీ వల్ల బయటికి దారిలేక, ఆ పోయిన రీడ్ గుండా సిలిండరులోకి, రింగుల పక్క నుంచి క్రాంకుకేసులోకి, అక్కడి నుంచి ఆయిల్ మూత రంధ్రంలోకి. రాత్రంతా ట్యాంకు ఖాళీ అయిన దారి అదే.

జూన్ 22, ఆదివారం

హెడ్డు విప్పే రోజు. రాగి గొట్టం నట్లు, తర్వాత హెడ్డు బోల్టులు ఒక్కోటి అర చుట్టు చొప్పున ఎదురెదురుగా వదులు చేశాను. గాలి పోకుండా మధ్యలో వేసిన పాత గ్యాస్కెట్ అంటుకుపోయింది. స్క్రూడ్రైవర్ దూర్చి లేపితే అంచులు చెడతాయి కాబట్టి చెక్క సుత్తితో పక్కల నుంచి మెల్లగా తట్టాను.

రీడ్లంటే 0.3 మి.మీ. మందం స్టీలు రేకులు. గాలి ఒత్తిడికి వంగి తెరుచుకుంటాయి, మళ్లీ సాగిలపడి మూసుకుంటాయి. నిమిషానికి 720సార్లు. కుడి సిలిండరు డెలివరీ రీడ్ కొస విరిగి ఉంది. విరిగిన అంచు ఒక పక్క మెరుస్తోంది, ఇంకో పక్క నల్లగా ఉంది. ముందు నెర్రె ఇచ్చి, చాలాకాలానికి పూర్తిగా ఊడిందన్నమాట. ఊడిన ముక్క, గోరు కొసంతది, ఎక్కడుందో తెలియక పది నిమిషాలు టెన్షన్ పడ్డాను. సిలిండరులోకి జారి ఉంటే గోడ మీద గీతలు పడతాయి, అప్పుడు సిలిండరు లోపలి గోడ మళ్లీ చెక్కించే బోరింగు దాకా వెళ్లాలి. అయస్కాంతం దారానికి కట్టి వెతికితే హెడ్డు పై అరలో మసిలో కూరుకుపోయి దొరికింది. సిలిండరు గోడలు టార్చి వెలుగులో నునుపుగా ఉన్నాయి. ఊపిరి పీల్చుకున్నాను.

కొత్త రీడ్లు నాలుగూ, గ్యాస్కెట్ సెట్టూ నిన్న అనుమానంతో ముందే తెచ్చుకున్నాను, 650 అయింది. వాల్వు ప్లేటు మీద రీడ్ ఆనే చోట చిన్న గుంటలున్నాయి. అద్దం పలక మీద 400 నంబరు ఎమరీ పేపరు పరిచి, కిరసనాయిల్ చల్లి, ప్లేటును ఎనిమిది అంకె రాసినట్టు తిప్పుతూ రుద్దాను. మొదట మచ్చలు మచ్చలుగా మెరిసింది, అరగంటకి మెరుపు మొత్తం పరుచుకుంది. తర్వాత 800తో ఇంకో పావుగంట. వేలితో తడిమితే గుంట తగలట్లేదు. భుజాలు లాగేశాయి గానీ ఈ మొత్తం పనిలో నాకు బాగా నచ్చిన ముప్పావుగంట ఇదే. కళ్ల ముందే ఇనుము సాపు అవుతుంటే చూడటం ఎంత బాగుంటుందో.

బోల్టులు మళ్లీ ఎదురెదురుగా మూడు విడతల్లో, ఆఖర్న 25 న్యూటన్ మీటర్ల దాకా బిగించాను. ఒకసారి వేడెక్కించి, పూర్తిగా చల్లారాక మళ్లీ చూస్తే రెండు బోల్టులు కాస్త తిరిగాయి. కొత్త గ్యాస్కెట్ సర్దుకుంటుంది కాబట్టి ఈ రెండో బిగింపు వదిలెయ్యకూడదు.

ఆయిల్ దించితే మజ్జిగ కలిపినట్టు తెల్లగా వచ్చింది, తేమ చేరింది. 100 గ్రేడు కంప్రెషర్ ఆయిల్ పోశాను.

నింపాను. 6 నిమిషాల 50 సెకన్లు. కాగితం మీద వేసిన లెక్క యంత్రం దగ్గర నిజమైంది.

జూన్ 29, ఆదివారం

ట్యాంకు గురించి భయం మాత్రం పోలేదు. మొదటి రోజు డ్రెయిన్ చేసినప్పుడు ముప్పావు లీటరు ఎర్రటి నీళ్లు వచ్చాయి. మన కోస్తాలో ఈ నెలలో 32 డిగ్రీల వేడి, 75 శాతం తేమ ఉంటే ఒక క్యూబిక్ మీటరు గాలిలో సుమారు 25 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. ట్యాంకు ఒకసారి ఖాళీ నుంచి నిండేసరికి 15 గ్రాములకు పైగా నీరు అడుగున చేరుతుంది. రోజూ వదలకపోతే అది ట్యాంకును లోపల నుంచి తినేస్తుంది.

8 బార్ల దగ్గర మా ట్యాంకులో ఉండే శక్తి సుమారు లక్ష జౌళ్లు. టన్ను బరువున్న కారును పది మీటర్ల ఎత్తుకు లేపేంత. తుప్పు పట్టిన చోట రేకు చీలితే అదంతా ఒక్క క్షణంలో బయటికి వస్తుంది. అందుకే ట్యాంకు చిల్లికి ఎవరైనా వెల్డింగ్ పెడతామంటే ఒప్పుకోకండి. చిల్లులు పూడ్చే ఎంసీల్ ముద్ద అసలే వద్దు.

ట్యాంకు విప్పి తీసుకెళ్లి నీటి పరీక్ష చేయించాను. గాలి బుడగ లేకుండా నిండా నీళ్లు నింపి, చేతి పంపుతో 12 బార్‌కి తెచ్చి పావుగంట ఉంచారు. నీళ్లు గాలిలా నలగవు కాబట్టి ట్యాంకు ఓడినా చిమ్మి ఊరుకుంటుంది, పేలదు. ముల్లు కదల్లేదు. బయట ఎక్కడా చెమ్మ లేదు. ఈ కబురు చెప్పడానికి నాన్నకి అక్కడి నుంచే ఫోన్ చేశాను.

జులై 6, ఆదివారం

వారం వాడాక కొలతలు. నిండటానికి 6 నిమిషాల 50. రాత్రి 8 ఉంటే పొద్దున 7.6. ఆ కాస్త హోస్ కప్లింగ్ దగ్గర పోతోంది, దాన్ని మారుస్తాను. తిరిగేటప్పుడు 8.1 ఆంపియర్లు. సాయంత్రం 205 వోల్టుల దగ్గర కూడా లేచింది. బెల్టు కాస్త బిగించాను, పుల్లీలు నూలు తాడు పట్టి సరిచేశాను. గన్ ముందు నీరు పట్టే ఫిల్టరు కొత్తది పెట్టాను, మెలమైన్ మీద తేమ పడితే తెల్లటి పొర వస్తుంది.

మధ్యాహ్నం ఎండ కాసి తేమ తగ్గాక మొదటి తలుపుకి స్ప్రే కొట్టాను. 3 బార్ల దగ్గర విసనకర్రలా సమానంగా పడింది. టేకు గీతలు ఒక్కోటీ తేలుతూ వచ్చాయి. మధ్యలో కంప్రెషర్ మూడుసార్లు ఆగింది, మూడుసార్లూ తనంతట తనే లేచింది. నేను గన్ దించి చూడాల్సిన పని రాలేదు.

పని అయిపోయి గన్ కడుగుతుంటే కంప్రెషర్ నిండి ఆగింది. వరండాలోంచి నాన్న గొంతు వినబడింది.

“ఒకటి... రెండు... ఆఁ, సరిపోయింది.”

రెండో తలుపు రేపు సాయంత్రం.